ఆ మిషన్లో మా బావ గొంతు

దెయ్యాలు, గాలి, ధూళి ఇట్లాంటివి నేను నమ్మను. మా అత్త వేరే రకం. ఆషాఢం మాదిరి ఆడి నెలొస్తే పెరియపాళయం అమ్మవారి గుడికి పొయ్యి, మొక్కుకని వేపాకు చీర కట్టుకోని వచ్చే మనిషి. ఆమె నమ్మకం ఆమెది. నేను పొద్దున తిరుత్తణిలో ఎలెక్ట్రిక్ ట్రైన్ ఎక్కి, తిరువళ్ళూరులో దిగి, ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. నా పనిలో ఏదన్నా జరిగిందంటే దానికి కారణం ఉంటాది, ఎతికితే దొరుకుతాది. ఇంతవరకూ ఒక్కదానికే దొరకలా.

ఆ ఉద్యోగం ముందర మా ఇంటాయనది. మేనత్త కొడుకే. పెండ్లయినాక కూడా బావా అనే పిలిచేదాన్ని. జొరమని పడుకున్నాడు, వారం తిరగలా, పొయ్యినాడు. అప్పటికి మా భవాని చంకబిడ్డ. నేను కంప్యూటర్ డిప్లొమా చదివి ఇంట్లో ఉంటే, కాలేజీవాళ్ళు పిలిచి ఆయన కుర్చీలో కూర్చోబెట్టినారు.

బావ పని గురించి కొంచెం చెప్పాల. ల్యాబు నిండా మిషన్లు. ఒక్కొక్కదాని ముందర కూర్చోని లైనక్స్ ఎక్కిస్తా, అది అడిగే ప్రశ్నలకంతా జవాబు కొడతా ఉంటే వారమైనా ముగియదు. అందుకని జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసి పెట్టేస్తారు. మిషను ఆన్ చేస్తే అదే ఆ ఫైలు చదువుకోని, డిస్కు తుడుచుకోని, తనంతట తానే ఎక్కించుకుంటాది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు యాడినించి తెచ్చుకోవాలో కూడా ఆ ఫైల్లోనే ఒక లైను ఉంటాది. మా కాలేజీ ఇంటర్నెట్టేమో నత్తనడక. బావ ఒక పాత కంప్యూటర్ని బల్ల కింద పెట్టి, కావాల్సిన ప్యాకేజీలంతా దాంట్లో దింపి, సొంతంగా ఒక రిపాజిటరీ పెట్టుకున్నాడు. దాని అడ్రసు ఆ లైన్లో రాసినాడు.

ఆ ప్యాకేజీల్లో ఒకటి ఆయన సొంతంగా చేసింది. ఆయనది ఒకచోట కూర్చునే ఒళ్ళు కాదు. మిషన్లు ఆన్ చేసేసి వరండాలో పిల్లోళ్ళతో కబుర్లు చెప్తా నిలబడేస్తాడు. అందుకని పని ముగియంగానే మిషనే పిలిచేటట్టు తన గొంతు రికార్డు చేసి పెట్టినాడు. "అయిపొయ్యింది, వచ్చి చూడు." కాలేజీ అంతా అరవంలో మాట్లాడతా ఉంటే ఈయన మిషన్లు తెలుగులో పిలిచేవి. ఆ మాట తర్వాత చిన్నగా ఒక దగ్గు. దాన్ని కత్తిరించే ఓపిక కూడా లేదు ఆ మహానుభావుడికి. నేను నిండా ఎగతాళి చేసేదాన్ని.

పొయ్యినాక చూస్తే ఆయన గొంతు యాడా మిగల్లేదు. ఫోను ఆస్పత్రి గందరగోళంలో పోయింది. పెండ్లి వీడియోలో ఆయన నోరు కదులుతాది, పైన సినిమా పాట వస్తాది. ఆ వీడియో తీసినోడి చేతులిరగ. ల్యాబు మిషన్లని ఏదో పరీక్షకని బయటోళ్ళొచ్చి తుడిచిపెట్టి పొయ్యినారు. బల్ల కింద కంప్యూటర్ ఉంది కదాని నేను ధైర్యంగా ఉంటే, దాని డిస్కూ పోయింది. చెన్నైకి ఎత్తుకపొయ్యి చూపిస్తే, ఇది ఇంక లేవదమ్మా అనేసినారు.

భవానికి ఇప్పుడు ఏడేండ్లు. నాయన ఫోటోలు చూసింది. "గొంతు ఎట్లుంటాదిమా?" అని అడిగేది. గొంతుని ఎట్లా చెప్పేది? లావుగా అనేదా, సన్నంగా అనేదా? నాకే మరుపొస్తా ఉండాదేమోనని భయం. ఆ భయం ఎవురికీ చెప్పుకోలా.

నేను వేరే కంప్యూటర్లో కొత్త రిపాజిటరీ పెట్టుకోని, ఫైల్లో ఆ అడ్రసు రాసుకున్నాను. బావ గొంతు ప్యాకేజీ దాంట్లో లేదు. బావ రాసిన లైను తీసెయ్యడానికి మాత్రం చెయ్యి రాలా. ముందర ఒక హ్యాష్ గుర్తు పెట్టి వదిలేసినాను. ఆ గుర్తున్న లైన్ని మిషను చదవదు, దాటుకోని పోతాది. చదివినా ఆ అడ్రసులో ఇప్పుడు ఏ కంప్యూటరూ లేదు.

పోయిన ఎండాకాలం సెలవుల్లో కొత్త మిషన్లు వచ్చినాయి. మధ్యాన్నానికి అన్నీ ముగిసి, కిటికీ పక్కది ఒకటి మిగిలింది. అది నడస్తా ఉంటే నేను పెరుగన్నం డబ్బా తెరిచి తింటా ఉన్నాను.

"అయిపొయ్యింది, వచ్చి చూడు." వెంటనే దగ్గు.

మిషను ఎప్పట్లాగే ఆగి మళ్ళీ తనే ఆన్ అయింది. నేను చేతిలో ముద్ద అట్నే పట్టుకోని ఉండిపొయ్యినాను. అంతలో అటెండరు కన్నియప్పన్న వాకిట్లోకి వచ్చి నిలబడినాడు. బావ కాలంనించి ఉండే మనిషి. లోపలంతా ఒకసారి చూసి, "ఏంమా, సారు దగ్గినట్టు ఉండాదే" అన్నాడు. నేను నోరు తెరవకముందే అన్నాడు.

అప్పుడు నాకు ఒకటే ఆశ. ఇంకొక్కసారి వినాల. ఫోన్లో పట్టుకోని బిడ్డకి వినిపించాల. ఆ గొంతు వచ్చేది ఎక్కించడం ముగిసేటప్పుడే కదా. ఇంకేం ఆలోచించలా. చెయ్యి కూడా కడుక్కోకుండా మళ్ళీ మొదట్నించి పెట్టేసి, ఫోను రికార్డింగులో పెట్టి ముందర కూర్చున్నాను.

సగం నడిచినాక తెలిసింది, నేనేం చేసినానో. మళ్ళీ పెడితే అది చేసే మొదటి పని డిస్కు తుడవడం. ఆ గొంతు ఫైలంటూ ఒకటి వచ్చి ఉంటే ఆ డిస్కులోనే ఉండాల. ఎతికి కాపీ తీసుకోని ఉంటే నాకు ఈ జన్మకి చాలు. తుడిచే ముందర చూసుకోండిరా అని పిల్లకాయలకి రోజూ చెప్పేదాన్ని నేనే. ఇంక ఆపి ఏం లాభమని కడదాకా కూర్చున్నాను. ముగిసింది. ఫ్యాను సద్దు తప్ప ఏమీ రాలా. అక్కడే కూర్చోని ఏడ్చినాను. కన్నియప్పన్న తలుపు దగ్గరికేసి, ఎవురూ లోపలికి రాకుండా వరండాలో నిలబడినాడు.

ఏ మిషను ఏమేం తీసుకుందో రిపాజిటరీ కంప్యూటర్లో నమోదై ఉంటాది. ఎన్నిసార్లు తిప్పి చూసినా, కిటికీ పక్కది కూడా మిగతావాటిలాగే అవే ప్యాకేజీలు తీసుకుంది. బావ లైను ముందర గుర్తు గుర్తుగానే ఉండాది. చెన్నైలో పనిచేసే ఒక స్నేహితురాలికి చెప్తే, నీ ఆశే నీకట్లా వినిపించిందే అనింది. సరే, నాది ఆశ. కన్నియప్పన్నకి యాడిది ఆశ? అత్తేమో అమ్మవారికి మొక్కుకుందాం రమ్మనింది. గమ్మున ఉండత్తా అన్నాను. ఆ తర్వాత ఆడి నెలలో ఆమె ఎంబడి పొయ్యింది నేనే.

భవానికి చెప్పకూడదనుకుంటానే చెప్పేసినాను. నన్నెందుకు పిలవలేదని ఆ రాత్రి అన్నం తినలా. ఇప్పుడు ఇస్కూలు లీవైతే నాతో ట్రైనెక్కి వస్తాది. కిటికీ పక్కన స్టూలేసుకోని హోంవర్కు రాసుకుంటాది. ఎందుకొస్తా ఉండాదో నేనడగను, అది చెప్పదు.

ఆ మధ్యాన్నం ఏం జరిగిందో ఈ పొద్దుకీ నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా ఇప్పుడు పెద్దగా లేదు. ఏదన్నా మిషను చెడిపోతే ఆ కిటికీ దగ్గరికే తెచ్చి ఎక్కిస్తాను. తెరమింద పని ఎంతయిందో చూపించే గీత కడాకి వచ్చేటప్పుడు బిడ్డ పెన్ను కింద పెట్టేస్తాది. ముగుస్తాది. ఏమీ రాదు. కొంచేపు దానివైపే చూసి, "ఇంగొకటి పెట్టుమా" అంటాది.