ముత్తయ్య ఊపిరితిత్తులకు గ్రోత్ మందు

నా తెలివితేటల వల్ల ఒక మనిషి ఊపిరితిత్తుల్లోకి మిరపతోట మందు పోబోయిన కథ ఇది. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు మాత్రం నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

డాక్టరునై భద్రాచలంలో ఒక చిన్న ఆసుపత్రిలో చేరిన కొత్త. రోగులకు అర్థమయ్యేలా చెప్పడంలో నా అంతటివాడు లేడని నా నమ్మకం. పర్ణశాల వైపు నుంచి ముత్తయ్య అనే మిరప రైతు, భార్య లచ్చమ్మతో వచ్చాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. హైదరాబాదులో పరీక్షలు చేసి అరుదైన జబ్బని తేల్చారు.

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఊపిరితిత్తుల్లో గాలి గదులు అతుక్కుపోకుండా సన్నటి జిడ్డు పూత ఉంటుందనీ, పాతబడ్డ జిడ్డును ఊడ్చేసే కణాలు ఉంటాయనీ, అవి ఎదిగి పనిలోకి దిగాలంటే ఒంట్లోనే తయారయ్యే ఒక పదార్థం కావాలనీ చెప్పాను. ముత్తయ్య ఒళ్లు దాన్నే శత్రువనుకుని అడ్డుకుంటోంది. అందుకే జిడ్డు పేరుకుపోయి గాలికి చోటు లేదు. ఇంతవరకూ నా తప్పేమీ లేదు, మీరే సాక్షులు.

లచ్చమ్మ ఆ పదార్థం పేరడిగింది. జీఎం-సీఎస్ఎఫ్ అన్నాను. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. అంతే, నాలోని పండితుడు లేచి కూర్చున్నాడు.

"మీరు మిరపకు గ్రోత్ మందు కొట్టరా? ఇదీ అలాంటిదే అమ్మా. ఊపిరితిత్తులకు గ్రోత్ మందు. పొగలా పీల్చాలి."

"గిట్ల చెప్తే సమజైతది," అన్నాడు ముత్తయ్య.

నేను ఉప్పొంగిపోయాను. ముందు అలవాటు కావాలని పొగ పట్టే యంత్రం, ఉప్పునీళ్లు ఇచ్చి పంపాను. అసలు మందు ఎవరు తెప్పిస్తారో చెప్పడం మరిచాను. మెచ్చుకోలు మత్తు అలాంటిది.

నాలుగో రోజు పొద్దున లచ్చమ్మ ఒక్కతే వచ్చింది. సంచిలోంచి యంత్రం తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే లీటరు డబ్బా. దాని మీద నిగనిగలాడే మిరపకాయల బొమ్మ. యంత్రం గిన్నెలో పచ్చటి నీళ్లు.

ఎరువుల దుకాణంలో అన్నిటికంటే మంచి గ్రోత్ మందు అడిగి తెచ్చామని ఆమె నిదానంగా చెబుతోంది. ఒంటరిగా ఎందుకు వచ్చిందా అని ఆలోచించగానే పోలీసులు, పేపర్లు, మా అమ్మ ఏడుపు వరుసగా కళ్ల ముందు కదిలాయి.

"ముత్తయ్యకు పట్టారా అమ్మా?" అన్నాను. ఆ గొంతు నాది కాదు, పిల్లి కూనది.

"పట్టలే సారూ, ఇంటికాడ్నే కూసున్నడు. కోడలితోని డబ్బా మీది రాత సదివిచ్చిన. కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలె అని ఉన్నది." ఆమె నన్ను అనుమానంగా చూసింది. "గుడ్డ కట్టుకుంటె మందు లోపటికెట్ల పోతది? అడుగుదామని వచ్చిన."

డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ మధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లి, ముత్తయ్య ఛాతీకి స్టెతస్కోపు పెట్టి వింటే గానీ నా గుండె నిలకడకు రాలేదు. తర్వాత అసలు మందు వచ్చింది, నా కళ్లెదుటే పట్టించాను. కొన్ని నెలలకు ముత్తయ్య చేను గట్టు మీద ఆగకుండా నడిచాడు. ఆ కబురు చెప్పడానికి వచ్చిన లచ్చమ్మ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఆ డబ్బా ఇయ్యి సారూ. తోటకన్న కొట్టుకుంటం."

అందుచేత, నా పట్టా మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట జీఎం-సీఎస్ఎఫ్‌ను జీఎం-సీఎస్ఎఫ్ అనే అంటాను. అర్థం కాకపోతే మరో పదిసార్లు అంటాను.