పెద్దక్క చెయ్యి కలిపితే

అందరూ పెద్దక్క అని పిలిచే ఆ హెడ్ నర్సు రిటైరై చాన్నాళ్లయినా, ఎవరు చెయ్యి కలిపినా ఆవిడ వేళ్లు వాటంతటవే మణికట్టు మీదికి జారి నాడి పట్టుకుంటాయి. తను చదివిన నర్సింగ్ కాలేజీలో ఆవిడ పెట్టిన స్కాలర్‌షిప్ ఇవాళ మొదటి అమ్మాయికి అందింది. వేదిక మీద కూడా వేళ్లు ఊరుకోలేదు.

"గుర్రంలా పరిగెడుతోందేమే?"

"ఫీజు కట్టలేక చదువు మానేద్దామనుకున్నా పెద్దక్కా. ఇంకా నమ్మలేకపోతున్నా."

"అయితే నాది చూడు."

అమ్మాయి కంగారులో బొటనవేలు ఆనించింది.

"బొటనవేలు పెడితే నీ నాడే నీకు తెలుస్తుంది పిల్లా! మూడు వేళ్లు పెట్టు."

వేళ్లు మార్చిన అమ్మాయి ఫక్కున నవ్వేసింది. "మీది నాదానికంటే జోరుగా ఉంది!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పెద్దక్క మాత్రం చెయ్యి తియ్యలేదు. "నిమిషం నిండేదాకా చూడవే. మొదలెట్టింది మధ్యలో మానకూడదు."