గొడుగు బల్ల కింద ఉంది

ఫ్రెంచి మాస్టారికున్న జబ్బు ఒక్కటే. గొడుగుతో మొదలుకాని ఫ్రెంచి పుస్తకాన్ని ఆయన పుస్తకమని ఒప్పుకోడు.

సాయంకాలపు బడిలో కొత్తగా చేరినవాళ్లకి, అట్ట ఊడిన పాత పుస్తకంలోంచి ఆయన చెప్పే మొదటి పాఠం ఇది: "ఇది గొడుగు. గొడుగు బల్ల కింద ఉంది." రెండో పాఠానికి గొడుగు బల్లెక్కుతుంది. తలుపు చాటుకు చేరేసరికి వానాకాలం వచ్చి వెళ్లిపోతుంది. అందుకే అందరికీ ఆయన గొడుగు మాస్టారు. తమాషా ఏమిటంటే ఆయనకు సొంత గొడుగు లేదు. వానొస్తే సంచి నెత్తిన పెట్టుకుని పోతాడు.

ఈ ఏడు ఆయన మేనకోడలు కూడా అదే బడిలో ఫ్రెంచి టీచరుగా చేరింది. చేరిన కొత్తలోనే ఆమెకు తల కొట్టేసినట్టయింది. టీ తాగుతూ లెక్కల టీచరు, "మీ మామయ్యగారి శిష్యుడు ఇంటర్వ్యూకి వెళ్లాడట. మీ గురించి చెప్పండి అంటే బల్ల కిందికి వంగి చూశాడట," అన్నాడు. గదంతా నవ్వింది. ఆమె టీ సగంలో వదిలేసి లేచిపోయింది.

కొత్త పుస్తకం ఎంచే పని ప్రిన్సిపాల్ ఆమెకే అప్పగించాడు. పుస్తకాలన్నీ బల్లమీద పరిచేసరికి మామయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొదటి ప్రశ్నేంటమ్మాయ్, ఇందులో?"

"మీ నాన్నగారు ఏం చేస్తారు?"

"పక్కన పెట్టు. అందులో?"

"మీ ఇంట్లో ఎన్ని గదులు?"

"వాళ్ల గదులతో మనకేం పని? అద్దెకి దిగుతామా?"

"మామయ్యా, మనుషులు తమ గురించి చెప్పుకోడానికే కదా భాష."

"గొడుగు గురించి చెప్తే భాష కాదా?"

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అనుకుంటూ ఆమె తనకు నచ్చినది ముందుకు తోసింది. నిండా రంగు బొమ్మలు: రైలు స్టేషన్లు, రకరకాల చీజులు, బుగ్గ మీద ముద్దుపెట్టి పలకరించుకునే జనం. ఆయన తిరగేసి, అట్ట మీద వేలితో కొట్టి చూశాడు.

"అట్ట గట్టిది," అన్నాడు. అంతకుమించి ఒక్క మంచి మాట రాలేదు.

అప్పుడే ప్రిన్సిపాల్ రావడంతో ఆమె ఆగలేకపోయింది. "మామయ్య పుస్తకంతో బడి పరువు పోతోంది సార్. నేనూ తలెత్తుకోలేకపోతున్నాను." మామయ్య లేచాడు. పాత పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొత్త పుస్తకంతో మొదటి క్లాసు. మొదటి ప్రశ్న, "మీరు ఎక్కడ పని చేస్తారు?" నర్సు ఆసుపత్రి అంది. మెకానిక్ షెడ్డు అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన దగ్గరికొచ్చేసరికి మాట ఆగిపోయింది. పదం మరిచాడనుకుని ఆమె అందించింది. బ్యాంకా? ఆఫీసా? ఫ్యాక్టరీయా? ఒక్కొక్క పదానికీ ఆయన తల ఇంకాస్త వంగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

వరండాలోంచి ఇదంతా వింటున్న మామయ్య తలుపు తోసుకుని వచ్చాడు.

"నా గొడుగు ఎక్కడుంది?" అని ఫ్రెంచిలో అడిగి, మోకాళ్ల మీద కూలబడి, బల్లల కింద వెతకడం మొదలుపెట్టాడు. క్లాసంతా వంగింది. పెద్దాయన కూడా వంగి చూసి, "లేదు," అని ఫ్రెంచిలోనే చెప్పాడు. ఆయన నోట వచ్చిన మొదటి ఫ్రెంచి మాట అది.

క్లాసయ్యాక పెద్దాయన ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ఉద్యోగం పోయిందమ్మా. ఈ భాషొస్తే ఎక్కడైనా దొరుకుతుందేమోనని చేరాను. రేపట్నించి మానేద్దామనుకున్నాను. మాస్టారొచ్చాక పర్లేదనిపించింది."

సిగ్గుతో ఆమెకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెట్ల దగ్గర మామయ్యని పట్టుకుంది.

"ఆయన సంగతి మీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది తల్లీ? ఎవరింట్లో ఏముందో ఎవరికెరుక. గొడుగు గురించి ఏమడిగినా ఎవరూ చిన్నబోరు."

"మామయ్యా, ఆ రోజు ప్రిన్సిపాల్ గారి ముందు నేనన్న మాటలు..."

"ఏమన్నావు? నేను అట్ట చూస్తున్నాను."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మీ పుస్తకం ఇవ్వండి. రేపు గొడుగుతోనే మొదలుపెడతాను."

బయట వాన మొదలైంది. ఆయన సంచిలోంచి పాత పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టి, కొత్తది లాక్కుని నెత్తిన పెట్టుకున్నాడు.

"చెప్పానుగా, అట్ట గట్టిదని," అంటూ వానలోకి దిగాడు.