మూడో పిలుపు

మా నాన్న కోర్టు బంట్రోతు. ముప్పై మూడేళ్లు వరండాలో నిలబడి వాది, ప్రతివాది, సాక్షుల పేర్లు పిలవడమే ఆయన పని. ఒక్కొక్కరిని మూడుసార్లు పిలవాలి. మూడోసారికీ పలక్కపోతే లోపలికెళ్లి "పలకలేదండీ" అని చెప్పాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. భోజనానికి మమ్మల్ని మూడుసార్లే పిలిచి కంచాలు మూతపెట్టేసేవాడు. "నాలుగోసారి పిలిస్తే జీతం కోస్తారా?" అని అమ్మ దెప్పేది. మనిషి మెతక, గొంతు మాత్రం కంచు.

అద్దకంవాళ్ల పేట మీద దాడి జరిగినప్పుడు నాకు పదమూడేళ్లు. ఎక్కడినుంచో వచ్చి, బట్టలకు రంగులద్దుకుని బతికేవాళ్లు. వాళ్ల యాస వేరు, వాళ్ల దేవుడు వేరు. అదే నేరమైంది. పట్టపగలు ఇళ్లకు బయట గొళ్లాలు పెట్టి నిప్పంటించారు. తొమ్మిదిమంది పోయారు. మర్నాడు ఊరు ఊరంతా వీధిలోకొచ్చింది. కొవ్వొత్తులు, కన్నీళ్లు, ఉరితీయాలని కేకలు. అబద్ధమెందుకు, నేనూ గొంతు చించుకుని అరిచాను. మొదటి వాయిదాకు కోర్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. నాన్న గొంతు ఆ రోజు ఎవరికీ వినపడలేదు.

ఆ ఏడుపు దొంగ ఏడుపని నేననను. కానీ పాలపొంగు. రెండో ఏడు పాతికమంది వచ్చారు, నాలుగో ఏడు ముగ్గురు. చూసినవాళ్లలో కొందరు ఊరొదిలారు, కొందరు బెదిరిపోయి ఏమీ చూడలేదన్నారు. ఆరో ఏటికి మిగిలింది ఒక్క అద్దకం అక్క. భర్త, అత్త, ఇద్దరు పిల్లలు ఆ మంటల్లో పోయారు. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తూ, గొళ్లాలు పెట్టినవాళ్ల మొహాలు చూసింది ఆమే. మోచేతుల దాకా నీలిరంగుతో, రెండు బస్సులు మారి ప్రతి వాయిదాకూ వచ్చేది. నాన్న పేరు పిలవగానే "ఉన్నా తమ్ముడూ" అనేది. కోర్టులో అలా పలకకూడదని నాన్న ఏనాడూ చెప్పలేదు. మళ్లీ వాయిదా అనగానే టిఫిన్ గిన్నె సర్దుకుని వెళ్లిపోయేది.

ఒకసారి ఆమెను ఆయన అడిగాడట. "ఇన్నిసార్లు ఊరికే తిరగడం విసుగెయ్యదా అక్కా?"

"ఇంట్లో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు తమ్ముడూ. వాయిదా పడితే పడింది, పేరైతే వినపడుతుంది కదా."

ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు.

చివరికి జడ్జిగారు తేల్చేశారు. ఈసారి సాక్షి రాకపోతే సాక్ష్యం ముగిసినట్టే. సరిగ్గా ఆ రోజే వంతెన మీద లారీ తిరగబడి బస్సులాగిపోయాయి. ఆ సంగతి కోర్టులో ఎవరికీ తెలీదు.

నాన్న ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. వరండాలో కుక్క లేచి మళ్లీ పడుకుంది. మూడో పిలుపు నోట్లోనే పెట్టుకుని మెట్లు దిగాడు. ఆరు నెలల్లో రిటైరయ్యే మనిషి, ఒక్కనాడూ ఆ చోటు దాటి ఎరగడు. గేటు దాటాడు, బస్టాపు దాటాడు, ఆమె బస్సొచ్చే వంతెన వైపు నడిచాడు.

లోపల నిందితుల తరఫు వకీలు లేచాడట. "మూడుసార్లు పిలవడానికి ఇంతసేపాండీ?"

జడ్జిగారు తలెత్తకుండానే అన్నారట. "నాకు రెండే వినపడ్డాయి. మూడోది రానివ్వండి."

చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్లు పట్టేసి, ఆమె వంతెన దిగుతోంది. అప్పుడు పిలిచాడు నాన్న. హారన్ల మోత మీదుగా వెళ్లిందా గొంతు.

"ఉన్నా తమ్ముడూ, వస్తున్నా."

రెండు గంటలు సాక్ష్యం చెప్పింది, ఒక్క మాట తడబడకుండా. చోటు వదిలినందుకు నాన్నకు మెమో ఇచ్చారు. అమ్మ దాన్ని తమ పెళ్లి ఫొటోల పక్కన దాచింది.

మూడు నెలలకు తీర్పు. నలుగురికి శిక్ష పడింది. ఊరు మళ్లీ వచ్చింది, కెమెరాలు వచ్చాయి, న్యాయం గెలిచిందని కేకలు. ఆ తోపులాటలో అద్దకం అక్క ఎటుపోయిందో ఎవరూ చూడలేదు. ఆ రోజు సాక్షుల్ని పిలిచే పని లేదు. అయినా నాన్న వరండాలోకొచ్చి ఆమె పేరు పిలిచాడు, మెల్లగా, ఒక్కసారే. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

జనం వెనకనుంచి జవాబొచ్చింది.

"ఉన్నా తమ్ముడూ."