మోచేతి కింద మిగిలిన స్వరం

రైల్వే వర్క్‌షాపులో యంత్రం నా కుడిచేతి వేళ్లు తీసుకుంది. యంత్రాన్ని ఏమీ అనను. కానీ కట్టు విప్పకముందే, మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లోని రామమందిరం భజన బృందంలో నా హార్మోనియం పీట మీద బృందం పెద్ద తన అల్లుణ్ణి కూర్చోబెట్టాడు. ఆసుపత్రికి వచ్చి ఒక మాట చెప్పలేదు. నా భార్య దారిలో ఎవరో అంటే విని వచ్చి చెప్పింది. అది నేను మరిచిపోలేదు.

నాకు స్టోర్సు గేటు దగ్గర కాపలా పని ఇచ్చారు. సాయంత్రం క్వార్టరుకు వస్తే మందిరం నుంచి పాట. తలుపు మూసినా వినిపించేది. ఆ పీట లేకపోతే నేను ఎందుకు బతికి ఉన్నానో తెలిసేది కాదు.

ఆసుపత్రిలో నా చెయ్యి చూసిన ఒక బెంగాలీ ఆయన ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. వేళ్లు పోయినా వాటిని ఆడించే కండరాలు మోచేతి కింద బతికే ఉన్నాయని, అవి బిగిసినప్పుడల్లా సన్నని కరెంటు పుడుతుందని చెప్పాడు. ఉప్పునీళ్లలో తడిపిన దూది మీద చిన్న రేకులు పెట్టి చేతికి కట్టాడు. తీగలు ఒక పెట్టెకు, పెట్టె లౌడ్‌స్పీకరుకు. లేని వేళ్లను ముడవమన్నాడు. ముడిచాను. పెట్టె పలికింది. గట్టిగా బిగిస్తే స్వరం పైకి, సడలిస్తే కిందికి. ఆయన ముందే ఏడ్చేశాను.

షడ్జమం మీద కదలకుండా నిలబడటానికే నెలలు పట్టింది. చెయ్యి కొంకర్లు పోయేది. శ్రీరామనవమి దగ్గరపడ్డాక బృందం పెద్దాయన దగ్గరికి వెళ్లి పీట అడిగాను.

"ఏటీ, సేతికి కరెంటెట్టుకుని రాముడి ముందు కూకుంటావా? పందిరి తగలెట్టేత్తావేటి?" అని నవ్వాడు.

"ఒక్క పాట, మావా. సెడితే ఆ పీట మరి అడగను."

"అందరూ ఇన్నార్రా! సెడితే అడగడంట."

పాటకు ముందు వాయించేవాళ్ల చేతులకు గంధం పూయడం మావాళ్ల మర్యాద. నిరుడు ఆ గిన్నె నన్ను దాటుకుని పోయింది. ఈసారి చెయ్యి చాచాను. పెద్దాయన మోచేతి దాకా దట్టంగా పట్టించాడు. రేకులు కట్టడానికి వచ్చిన బెంగాలీ ఆయన రుమాలుతో తుడవబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అంతమంది ముందు దక్కిన గంధాన్ని తుడిచేయనిస్తానా? ఆయన తల అడ్డంగా ఊపి దాని మీదే కట్టాడు.

పాట మొదలైంది. బిగించాను. స్వరం రాలేదు. కరెంటు గుర్రు తప్ప ఏమీ లేదు. చర్మానికీ రేకులకూ మధ్య గంధం అట్టకట్టింది.

"ఔర్ జోర్ సే, దాదా!" అని బెంగాలీ ఆయన ఇంకా గట్టిగా బిగించమన్నాడు.

"కందిరీగల తుట్టె తెచ్చినాడర్రా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది. పెద్దాయన సైగ చేశాడు. అల్లుడి హార్మోనియం పాటను అందుకుంది.

నేను లేవలేదు. పళ్లు బిగబట్టి లేని వేళ్లను ముడుస్తూనే ఉన్నాను. ఒళ్లంతా చెమట పట్టింది. గంధం కరిగి కారింది. సరిగ్గా హారతి గంటలు మోగుతుండగా పెట్టె పలికింది. షడ్జమం, పాట శ్రుతిలో. గంటల్లో, జేజేల్లో కలిసిపోయింది.

"పలికింది మావా! ఇనలేదేటి?"

"గంట ఇన్నాను. లెగు, పీటలు తియ్యాల."

పక్కనే ఉన్న బెంగాలీ ఆయన విన్నాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

పై ఏడు మళ్లీ వెళ్లి పీట అడిగాను. ఆ పై ఏడూ అడిగాను. మాట తప్పినవాడినని పేరు పెట్టారు. చెడితే అడగనన్నాను. అది చెడలేదు.