వంకర మూతి కోసం వినగడప దాకా

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. ఈ ముసలాయన ఊళ్ళు చూడ్డానికి వెళ్ళడని, తప్పులు పట్టడానికే వెళ్తాడని నా కిందటి టపా కింద ఒకాయన వ్యాఖ్య రాశాడు. ఇన్నాళ్ళూ జవాబివ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను: నిజమే. ఈసారి తప్పు ఎక్కడ దొరికిందో చివరిదాకా చదివితే ఆయనకు కూడా తృప్తిగా ఉంటుంది.

మా మనవరాలు లాస్యకు తొమ్మిదేళ్ళు. మనుషుల ముఖాలు గీస్తుంది. పాలు పోసే ఆయన, బస్టాండులో సోడాలమ్మే ఆవిడ, ఎవరు కనిపిస్తే వాళ్ళు. ముక్కు ఒక పక్కకీ మూతి ఇంకో పక్కకీ పోయినా, అది ఎవరి ముఖమో చూడగానే తెలిసిపోతుంది. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి సుజాత, వేసవి సెలవుల్లో పిల్లను మా వీధి చివర బొమ్మల క్లాసులో చేర్పించింది. ఆ సారు దగ్గర నలభై మంది పిల్లలు, అందరిదీ ఒకటే బొమ్మ. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. తిరువూరు చుట్టూ ఎటు చూసినా మామిడితోటలే. మా పిల్లలు మాత్రం కొబ్బరిచెట్టే గీయాలి, అది ఎటు వంగాలో కూడా సారే చెబుతాడు. గీత పక్కకి పోతే ‘చెరుపు’ అంటాడు. నాలుగు నెలల్లో లాస్య బాగా నేర్చుకున్నది చెరపడం ఒక్కటే. ఆమె పుస్తకంలో సగం కాగితాలు రబ్బరు రాపిడికి చిల్లులు పడి ఉన్నాయి. కిందటి నెలలో ఆయన సుజాతను పిలిచి, “పాపకి చెయ్యి తిరగట్లేదండి, లెక్కల ట్యూషన్‌లో పెట్టుకోండి” అని చెప్పి పంపాడు.

సుజాత ఆ మాట పట్టుకుంది. “సోమవారం నుంచి బొమ్మల్లేవు నాన్నా. రంగులూ పుస్తకాలూ అటక మీద పెట్టేస్తాను. రోజూ కూర్చుని ఏడుస్తూ గీయడం దేనికి?” అంది. మా ఎరువుల కొట్టు ఇప్పుడు తనే చూసుకుంటోంది. తను ఒక మాటంటే అంతే. నేను ఆదివారం ఒక్కరోజు పిల్లను నాకిమ్మన్నాను.

“తీసుకెళ్ళి ఏం చూపిస్తావు?”

“వంకర మూతులు,” అన్నాను.

చిన్నప్పుడు నేను చూసిన పొలాల్లో ప్రతి చేనుకూ ఒక దిష్టికుండ ఉండేది. పాతకుండకు సున్నం పూసి, మసితో ముఖం గీసి, కర్రకు బోర్లించేవారు. ఎవరి కుండకు వాళ్ళే గీసుకునేవారు కాబట్టి ఏ రెండు ముఖాలూ ఒకలా ఉండేవి కావు. ఎంత వికారంగా ఉంటే అంత మంచిది, పంట మీద పడాల్సిన చూపు ముందు దాని మీద పడుతుంది. ముఖం వంకరగా ఉండడమే పనికొచ్చే చోటు భూమ్మీద ఒకటుందని పిల్లకు చూపించాలనుకున్నాను. పనిలో పనిగా బొమ్మల సారుకు ఒక ఫోటో పంపాలని కూడా.

ఉదయం ఏడుంబావుకు తిరువూరులో విజయవాడ బస్సు ఎక్కాం. కండక్టరు లాస్య ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టాడు. “పాపకి ఫ్రీ అండి. మీకే డబ్బులు,” అన్నాడు నవ్వుతూ. అరగంటలో ఎ.కొండూరులో దిగాం. రోడ్డు పక్క బండి దగ్గర ప్లేటు ముప్పై రూపాయలకు వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి తిన్నాం. పచ్చడి బాగుంది, ఇడ్లీ గురించి మాట్లాడను. ఇక్కడ కొత్త ఇళ్ళు చాలా లేస్తున్నాయి, వాటికి కట్టిన దిష్టిబొమ్మలతో మొదలుపెడదామని నా ఆలోచన. మొదలుపెట్టిన పది నిమిషాలకే అది చెడింది. ప్రతి మేడకూ ఒకే ముఖం వేలాడుతోంది. కొట్లో కొన్న ఫైబరు రాక్షసుడు, ఎర్ర నాలుక, రెండు కోరలు. లాస్య వేళ్ళ మీద లెక్కపెట్టింది.

“పదకొండు తాతయ్యా. అన్నీ ఒకటే. సార్ చూస్తే వీటికి ఫుల్ మార్కులు వేస్తారు.”

నాకు కాలు నిలవలేదు. అక్కడే ఆటో మాట్లాడాను. లోపలి రోడ్ల మీదుగా వినగడప వెళ్ళి, మధ్యాహ్నం మమ్మల్ని తిరువూరులో దింపడానికి ఎనిమిది వందలు. ఆటో అతని పేరు శ్రీను. పొలాల్లో ముఖాలు చూడాలని చెప్పాను.

“పొలాలు కొనే పార్టీ అనుకున్నా సార్. ముఖాల కోసం తిరిగేవాళ్ళని ఇదే చూడ్డం.”

దారి పొడుగునా ఆపమన్నాను, దిగాను, చూశాను, ఎక్కాను. ఒక చేలో పాత హెల్మెట్టు, ఇంకోదాంట్లో సినిమా హీరోయిన్ ఫ్లెక్సీ. మరో చోట కర్రకు చీర చుట్టి ఉంది, దానికి ముఖమే లేదు. ఆరోసారి ఆపమన్నప్పుడు శ్రీను, “మీరు ఆటోలో కూర్చున్నదాని కన్నా నడిచిందే ఎక్కువ పెద్దాయనా, నడిచినదానికి డబ్బులు తగ్గించమనరు కదా?” అన్నాడు. లాస్య నవ్వింది. నాలుగు వారాల్లో నేను విన్న మొదటి నవ్వు అది. కానీ ఒళ్ళో ఉన్న పుస్తకం మాత్రం తెరవలేదు. గంటన్నర నుంచీ నేను చూస్తున్నది పొలాల్ని కాదు, ఆ పుస్తకాన్ని.

పదిన్నరకు వినగడప చేరాం. ఊరి చివర పత్తి నడుమెత్తు పెరిగింది. గట్టు మీద యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు ఒక కుండకు సున్నం పూసి ఎండకు పెట్టి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పరిచయం చేసుకోబోతుంటే ఆవిడే ఆపింది.

“మీరు తిరువూరు ఎరువుల కొట్టాయన కాదూ? ఎప్పుడొచ్చినా పుస్తకంలోంచి తలెత్తకుండానే బస్తా చూపించేవారు. మిమ్మల్ని పూర్తిగా చూడ్డం ఇదే, బాబాయ్ గారూ.”

ఆవిడ పేరు నాగమణి. కిందటి వారం గాలివానకు కుండ పగిలిందట. ముఖాలు గీసేది వాళ్ళ మామగారు, ఆయనకిప్పుడు చేతులు వణుకుతున్నాయి. “నేను గీస్తే కళ్ళూ ముక్కూ లక్షణంగా వచ్చేస్తున్నాయి. అలాంటిది కడితే దిష్టి పోవడం కాదు, సంబంధాలొస్తాయి,” అంది. మా లాస్య గీస్తుందన్నాను. లాస్య నా వెనక్కి పోయింది.

“నాకు రాదు. సార్ రాదన్నారు.”

“రానివాళ్ళే కావాలమ్మా. రా,” అని నాగమణి ఒక చిప్ప ముందు పెట్టింది. అందులో పాత ఇంజనాయిల్లో కలిపిన పొయ్యి మసి, కొస నమిలి కుంచె చేసిన వేపపుల్ల. లాస్య సంచిలోంచి పెన్సిలు తీసింది. సున్నం మీద పెన్సిలు పడలేదు. చివరికి పుల్ల ముంచి ఒక కన్ను గీసింది. గుండ్రంగా గీయబోతే కొంచెం సాగింది. వెంటనే బొటనవేలితో తుడిచింది. నూనెమసి కదా, కన్ను కాస్తా చెంప దాకా పాకింది. తుడిచేకొద్దీ పెరిగింది. పిల్ల పుల్లను చిప్పలో పడేసింది.

“ఇక్కడ చెరపడాలుండవు తల్లీ. అది అలాగే ఉండనీ. చూడు, అడిగి పెట్టించుకున్నట్టు గుడ్డికన్ను వచ్చింది. మా మామ ముప్పై ఏళ్ళు గీశాడు, ఇలాంటి కన్ను ఎప్పుడూ రాలేదు,” అంది నాగమణి.

లాస్య పుల్ల తీసి మళ్ళీ ముంచింది. రెండో కన్ను గీసింది. తర్వాత మూతి మొదలుపెట్టింది, అది ఎడమ పక్కకు జారిపోతోంది. నేను ఉండబట్టలేక, “కొంచెం మధ్యలోకి అమ్మా,” అన్నాను. పుల్ల ఆగిపోయింది. లాస్య రెండో చెయ్యి సంచిలో రబ్బరు కోసం వెతుకుతోంది.

నాగమణి నా వైపు తిరిగింది. “మీరు కాస్త అవతలికి వెళ్ళండి బాబాయ్ గారూ. కుండ సంగతి తర్వాత, మీ కళ్ళు ముందు పిల్ల చేతికి తగులుతున్నాయి.”

డెబ్బై నాలుగేళ్ళ వయసులో, వెయ్యి పుస్తకాలు చదివినవాణ్ణి, నన్ను గట్టు దిగమంది. దిగాను. కాలవ దాకా వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. ఆవిడకు ఏం చెప్పాలో మూడు రకాలుగా అనుకున్నాను. నాలుగోసారి వెనక్కి నడుస్తుంటే సుజాత గుర్తొచ్చింది. దానికి పదేళ్ళప్పుడు నా పుస్తకాల అంచుల్లో పెన్సిల్‌తో ముఖాలు గీసేది. కొట్టుకు వచ్చిపోయే రైతుల ముఖాలు. నేను చూసిన రోజున కొట్టలేదు, తిట్టలేదు. ఒక రబ్బరు చేతికిచ్చి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, పేజీ పేజీ చెరిపించాను. సాయంత్రం అయింది. పుస్తకాన్ని గౌరవించడం నేర్పానని చాలా ఏళ్ళు నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఆ తర్వాత అది బొమ్మ గీయగా నేను చూడలేదు. బొమ్మల సారు మీద నాలుగు నెలలుగా నూరుకుంటున్న కత్తి ఆ కాలవ గట్టున బరువెక్కిపోయింది.

“రావచ్చు తాతయ్యా,” అని లాస్య కేక వినిపించేసరికి పన్నెండు కావస్తోంది.

కుండ మీద ఒక గుడ్డికన్ను, ఒక గుచ్చి చూసే కన్ను. మూతి ఎడమ చెంప చివరి దాకా వెళ్ళి అక్కడ కిందికి వంగింది, ఎవరినో తప్పు పట్టబోతున్నట్టు. పళ్ళు ఏడు, దేని కొలత దానిదే. కళ్ళ చుట్టూ గుండ్రంగా కళ్ళద్దాలు. శ్రీను నన్ను చూశాడు, కుండను చూశాడు, ఆటో వెనక్కి వెళ్ళి నవ్వుకుని వచ్చాడు. నాగమణి అంత దూరం వెళ్ళలేదు. “కొట్టాయనే. పుస్తకం ఒక్కటే తక్కువ,” అంది. నలుగురం కలిసి కర్రకు బోర్లించాం. లాస్య చుట్టూ మూడుసార్లు తిరిగి చూసుకుంది. వేళ్ళన్నీ మసి. నాగమణి పెట్టిన అన్నం, గోంగూర పచ్చడి, బెండకాయ పులుసు ఆ చేత్తోనే తినబోతే ఇంజనాయిల్ కదా అని ఇద్దరం ఆపి, సబ్బుతో రెండుసార్లు కడిగించాం.

మూడింటికి తిరువూరు చేరాం. దారంతా లాస్య ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. ఆటో గతుకులకు గీతలు ఎగురుతుంటే అలాగే వదిలేసి గీస్తోంది. శ్రీను మెడ, వెనక నుంచి.

ఆరింటికి సుజాత కొట్టు కట్టేసి వచ్చింది. లాస్య నా ఫోన్‌లో కుండ ఫోటో చూపించింది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను, గుమ్మం దగ్గరికి వచ్చాను. సుజాత ఫోటోను పెద్దది చేసి చూసింది.

“చెవులేవే?”

“మర్చిపోయా.”

“తాతయ్యకి చెవుల్లో వెంట్రుకలుంటాయి. అవి లేకపోతే ఆయనెలా అవుతాడు?” అని సుజాత పిల్ల ఒళ్ళోని పుస్తకం లాక్కుని, పెన్సిల్ అందుకుంది. కాగితం మీద పెడుతూ ఆగి, తలెత్తకుండానే అంది: “ఇది నీ పుస్తకం కాదుగా నాన్నా?”

“కాదు,” అన్నాను. ఇంకో మాట కూడా అనాల్సింది.

చెవి ఒక్క గీతలో వచ్చింది. తర్వాత వెంట్రుకలు. ముప్పై అయిదేళ్ళ తర్వాత కూడా ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు. అటక మాట ఎవరూ ఎత్తలేదు. సోమవారం పొద్దున కూడా ఎత్తలేదు.

బొమ్మల సారుకు ఫోటో పంపలేదు. ఆయన దగ్గర చెరుపుతున్న పిల్లలు నలభై మంది, ఆ లెక్కన పంపాల్సిందే, కానీ తప్పు చేసినవాళ్ళ వరసలో ఆయన కన్నా ముందు నిలబడాల్సినవాణ్ణి నేను. నిన్న పాత పుస్తకాల్లో ఒకటి తీసి కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకున్నాను. అంచులో పెన్సిల్ నొక్కు ఇంకా ఉంది. తలపాగా చుట్టుకున్న ఒక రైతు, ఒక పక్కకు పోయిన ముక్కు. ఎవరో వెంటనే తెలిసింది. ఆ పుస్తకాన్ని పెన్సిల్‌తో సహా కొట్టులో సుజాత బల్ల మీద పెట్టి వచ్చాను. బొమ్మలు గీసే పిల్ల మీ ఇంట్లో ఉండి, మీరు కూడా ఈ దారిన వెళ్ళదలచుకుంటే, ఎ.కొండూరులో ఆగి టైము పాడుచేసుకోకండి, నేరుగా పొలాలకు వెళ్ళండి. సంచిలోంచి రబ్బరు తీసి ఇంట్లో పెట్టండి. పిల్ల పుల్ల చేతిలోకి తీసుకోగానే, ఎవరూ చెప్పకముందే మీరు కాలవ దాకా నడిచి వెళ్ళండి.