ఎలుకలకు తొలి ముద్ద

ఎనభైల్లో గోదావరిఖని నుంచి మంచిర్యాల వెళ్లే బస్సులో, నా పక్కన కూర్చున్న ముసలాయన టిఫిన్ గిన్నె విప్పి మొదటి ముద్ద సీటు కింద పడేశాడు. కండక్టరు తిట్టినా పట్టించుకోలేదు.

"ఎందుకు కాకా?" అన్నాను.

"బొగ్గుబాయిల ఎలుకలకు ఏసేటోళ్లం సారూ, అలవాటు పోతలేదు. కప్పు కూలే ముందు అవే ఉరుకుతయి. వాటిని చూసి మేం ఉరుకుతం. ఒకపారి నా టిఫినంత తిన్నయని కోపమొచ్చి మందు పెట్టిన. అన్ని సచ్చినయి. వారం దినాలకు కప్పు కూలింది. ముందు ఉరికే ఎలుక లేదు. మా తమ్ముడు అండ్లనే పోయిండు."

నేనప్పుడు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ని. నోరు మూసుకోవాల్సింది. రెండు జాతులు ఇలా ఒకదాని ఆసరాతో ఒకటి బతకడాన్ని సహజీవనం అంటారనీ, పరిణామంలో అదొక దారనీ, అందులో ప్రేమేమీ ఉండదనీ చెప్పాను. ఎలుకలు తమ ప్రాణం కోసం పరిగెత్తేవే తప్ప మీ కోసమో, మీ తమ్ముడి కోసమో కాదన్నాను.

"మేం మాత్రం ప్రేమతోని ఏసినమా సారూ?" అని ఆయన గిన్నెకు మూత పెట్టేశాడు. దిగేదాకా ఒక్క ముద్ద ముట్టలేదు.

సహజీవనం పాఠం ఆ తర్వాత కూడా ఏటా చెప్పాను. ఉదాహరణకు మాత్రం గేదెనీ, దాని వీపు మీది కొంగనీ తీసుకున్నాను.